వీడియో ఆటలలోని గురి, నిజ క్రీడలకు దాని బదలాయింపు

కంప్యూటరు తెర మీద తుపాకీతో గురిచూసి కాల్చే ఆటలలో ఆరితేరిన వ్యక్తి నిజమైన తుపాకీ చేతికిస్తే అంతే చక్కగా కాల్చగలడా అన్నది విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న. ఇదే ప్రశ్నను కారు పందేలు, టేబుల్ టెన్నిస్ వంటి ఇతర క్రీడల విషయంలోనూ అడగవచ్చును. ఒక పనిలో సంపాదించిన నేర్పు మరొక పనికి ఉపకరించడాన్ని విద్యా మనోవిజ్ఞాన శాస్త్రంలో '''అభ్యసన బదలాయింపు''' అంటారు. బి.ఇడి. చదివిన వారందరికీ ఇది పరిచితమైన పదమే.

ఇంతవరకు జరిగిన పరిశోధనలను బట్టి చూస్తే జవాబు "అవును" అని గాని "కాదు" అని గాని ఒక్క మాటలో తేలేది కాదు. తెర మీది చలనాన్ని త్వరగా పసిగట్టే చూపు కొంత మేరకు మెరుగుపడవచ్చును. తుపాకీని కదలకుండా పట్టుకొనుట, ఊపిరిని అదుపు చేయుట, మీటను మెత్తగా నొక్కుట అనే శారీరక విద్యలు మాత్రం ఆట వలన అలవడవు. షూటింగ్ క్రీడలో పతకాన్ని నిర్ణయించేవి ఎక్కువగా ఈ రెండవ కోవకు చెందినవే. అయితే ఆట ఆడే సాధనం నిజ సాధనాన్ని పోలి ఉన్నచోట బదలాయింపు గట్టిగా జరిగిన ఉదాహరణలు కూడా కలవు.

హింసాత్మకమైన ఆటలు పిల్లల ప్రవర్తనను చెడగొట్టునా అనేది వేరే చర్చ. ఈ వ్యాసం నైపుణ్యానికి మాత్రమే పరిమితం.

అభ్యసన బదలాయింపు

పందొమ్మిదవ శతాబ్దపు పాఠశాలలలో ఒక గట్టి నమ్మకం ఉండేది. లాటిన్ వ్యాకరణం, రేఖాగణితం వంటి కఠినమైన విషయాలు చదివితే మనసుకు వ్యాయామం కలిగి, ఆ బలం తక్కిన అన్ని పనులకూ ఉపకరిస్తుందని ఆ నమ్మకం సారాంశం. మన వైపు అమరకోశం, శతకాలు కంఠస్థం చేయించిన పంతుళ్ళు కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పేవారు. అమెరికా మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ థారన్‌డైక్, రాబర్ట్ వుడ్‌వర్త్ 1901లో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. ఒక రకం ఆకారాల వైశాల్యాన్ని కంటితో అంచనా వేయడంలో తర్ఫీదు పొందినవారు వేరే పరిమాణం, వేరే ఆకారం గల వాటి దగ్గరకు వచ్చేసరికి ఆ నేర్పును చాలావరకు కోల్పోయారు. రెండు పనులలోనూ సమానమైన అంశాలు ఎంత ఉంటే బదలాయింపు అంతే జరుగుతుందని వారు తేల్చారు. దీనిని సమరూప మూలకాల సిద్ధాంతం అంటారు.

ఆ తరువాత 1908లో ఛార్లెస్ జడ్ ప్రచురించిన ప్రయోగం మన విషయానికి మరీ దగ్గరిది, ఎందుకంటే అది కూడా గురికి సంబంధించినదే. ఐదు, ఆరు తరగతుల బాలురను రెండు జట్లుగా చేసి, నీటి అడుగున ఉంచిన గురి మీదకు బాణపు ముల్లులు విసరమన్నాడు. ఒక జట్టుకు కాంతి వక్రీభవనాన్ని గూర్చి ముందుగా పాఠం చెప్పాడు. రెండవ జట్టుకు చెప్పలేదు. గురి 12 అంగుళాల లోతున ఉన్నప్పుడు రెండు జట్లూ సమానంగానే నేర్చుకున్నాయి. అంటే పాఠం విన్నందువలన అప్పటికి ఒరిగినదేమీ లేదు. లోతును 4 అంగుళాలకు తగ్గించగానే తేడా బయటపడింది. సూత్రం తెలిసినవారు వెంటనే సర్దుకున్నారు, తెలియనివారు తడబడ్డారు. చేతి అలవాటు ఒక్కటే కాక, పని వెనుకనున్న సూత్రం కూడా బదలాయింపుకు వాహకమవుతుందని జడ్ వాదించాడు. ఇది సామాన్యీకరణ సిద్ధాంతం.

బదలాయింపును మూడు విధాలుగా చెబుతారు. పాత నేర్పు కొత్త పనికి తోడ్పడితే అనుకూల బదలాయింపు, అడ్డు వస్తే ప్రతికూల బదలాయింపు, ఏ ప్రభావమూ లేకపోతే శూన్య బదలాయింపు. సైకిలు తొక్కగలవాడు మోటారు సైకిలును తొందరగా నేర్చుకోవడం మొదటి దానికి ఉదాహరణ. కుడిచేతి వైపు నడిచే దేశానికి వెళ్ళిన మనవారు రోడ్డు దాటేటప్పుడు అలవాటు కొద్దీ పొరపాటు వైపు చూడడం రెండవ దానికి. తెర మీది గురి నిజ తుపాకీకి మారేటప్పుడు ఈ మూడూ ఒకేసారి పనిచేస్తాయి. జవాబు తికమకగా ఉండడానికి కారణం అదే.

గురిచూసి కాల్చే ఆటలు

ఇండ్లలోకి ప్రవేశించిన తుపాకీ ఆటలలో నింటెండో సంస్థ 1984లో జపానులో విడుదల చేసిన డక్ హంట్ సుప్రసిద్ధం. ఇందులో ప్లాస్టిక్ తుపాకీని టెలివిజను వైపు గురిపెట్టి బాతులను కాల్చాలి. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని గడి మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కాంతి గ్రాహకానికి ఆ తెలుపు తగిలితే దెబ్బ తగిలినట్లు లెక్క. అనగా ఇక్కడ తుపాకీ నుండి ఏమీ వెలువడదు, తెర మీది వెలుతురే తుపాకీలోకి వస్తుంది! పాత గాజు గొట్టపు టీవీల కోసం చేసిన ఈ పద్ధతి నేటి పలుచని తెరల మీద పనిచేయదు.

1992లో వోల్ఫెన్‌స్టైన్ 3డి, 1993లో డూమ్ రావడంతో ఆటగాడి కంటి నుండే లోకాన్ని చూపించే పద్ధతి వ్యాపించింది. ఆ తరువాత కౌంటర్ స్ట్రైక్, కాల్ ఆఫ్ డ్యూటీ, పబ్‌జీ, ఫోర్ట్‌నైట్ వగైరా వచ్చాయి. వీటిలో ప్లాస్టిక్ తుపాకీ మాయమైంది. దాని స్థానంలో మౌస్, బొటనవేళ్ళతో తిప్పే కంట్రోలరు, సెల్‌ఫోను తెర వచ్చాయి. ఆటలోని బొమ్మలు నిజానికి దగ్గరవుతూ వచ్చిన ఆ కాలంలోనే, చేతి పని నిజానికి దూరమవుతూ వచ్చిందన్న మాట.

తెర మీది గురి, చేతిలోని గురి

రెండింటి మధ్య భేదం తెలియాలంటే షూటింగ్ క్రీడ కొలతలను కొంచెం చూడాలి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో గుండు వ్యాసం 4.5 మి.మీ. పది మార్కుల గుర్తు కేవలం అర మిల్లీమీటరు చుక్క. అది పెన్సిలు మొనతో పెట్టిన చుక్కంత ఉంటుంది. రైఫిలు 5.5 కిలోల వరకు బరువు ఉండవచ్చు. నిలబడి, 75 నిమిషాలలో 60 గుండ్లు కాల్చాలి. ఎయిర్ పిస్తోలులో పది మార్కుల వలయం 11.5 మి.మీ., కాని పిస్తోలును ఒంటి చేత్తో, చేయి చాచి పట్టుకోవాలి. దాని మీట కనీసం 500 గ్రాముల బలానికి గాని కదలకూడదని నిబంధన.

ఇప్పుడు పిస్తోలు గురి ఎలా కుదురుతుందో చూద్దాం. పిస్తోలు మీద వెనుక ఒక గాడి, ముందు ఒక చిన్న దిమ్మె ఉంటాయి. ఈ రెంటి మధ్య దూరం సుమారు 35 సెం.మీ. అనుకుందాం. చేయి మొత్తంగా ఒక మిల్లీమీటరు పక్కకు జరిగి, గాడి, దిమ్మె రెండూ సమాంతరంగానే ఉంటే, పది మీటర్ల దూరంలో గుండు కూడా ఒక మిల్లీమీటరే తప్పుతుంది. మణికట్టు కొద్దిగా వంగి దిమ్మె మాత్రమే గాడి నుండి ఒక మిల్లీమీటరు పక్కకు పోతే, ఆ తప్పు 10,000 ను 350 తో భాగించగా వచ్చినన్ని రెట్లు, అనగా దాదాపు 28 రెట్లు పెరుగుతుంది. గుండు నడిమధ్య నుండి 28 మి.మీ. దూరంగా పడి ఏడు మార్కులే వస్తాయి. అందుచేత గురువులు "లక్ష్యాన్ని చూడకు, దిమ్మెను చూడు" అని బోధిస్తారు. చూపు ముందు దిమ్మె మీద నిలిపితే గురి బోర్డు మసకగా కనబడుతుంది. ఆ మసకను సహించడమే కొత్తవారికి కష్టమైన పాఠం.

వీడియో ఆటలో ఈ సమస్యే లేదు. గాడి, దిమ్మె, శత్రువు అన్నీ ఒకే గాజు పలక మీద, కంటికి ఒకే దూరంలో ఉంటాయి. కంటి కటకం దగ్గరకు, దూరానికి సర్దుకోవలసిన పని లేదు. పైగా చాలా ఆటలలో తెర మధ్యన ఒక కూడిక గుర్తు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆటగాడు చేసేది ఆ గుర్తును లక్ష్యం మీదకు తీసుకురావడమే. ఆ పనిలో మౌస్ వాడేవారి నేర్పు అసామాన్యమైనది, దానిని చిన్నచూపు చూడనక్కర లేదు. కాని అది బల్ల మీద చేతిని ఆనించి, ముంజేతిని, మణికట్టును కొన్ని సెంటీమీటర్లు కదిపే నేర్పు. పాల్ ఫిట్స్ 1954లో చెప్పిన సూత్రం ప్రకారం లక్ష్యం చిన్నదైన కొద్దీ, దూరమైన కొద్దీ దానిని చేరడానికి కాలం ఎక్కువ పడుతుంది. తెర మీది ఆటగాడు ఈ వేగానికీ ఖచ్చితత్వానికీ మధ్య బేరంలో నిపుణుడు. రైఫిలు పట్టినవాడి కష్టం లక్ష్యాన్ని చేరడంలో కాక, చేరిన చోట కదలకుండా నిలవడంలో ఉన్నది.

ఆ నిలవడమనేది పూర్తిగా శరీరానికి సంబంధించినది. ఎంతటి ఆరోగ్యవంతుడి చేతిలోనైనా సెకనుకు 8 నుండి 12 సార్లు సన్నని వణుకు ఉంటుంది. ఊపిరి తీసినప్పుడు భుజం లేస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా గొట్టం కొన అదురుతుంది. షూటర్లు ఊపిరి సగం వదిలి ఆపి, అదురు తగ్గిన ఘడియలో మీటను నొక్కుతారు. మీట నొక్కే వేలు తక్కిన నాలుగు వేళ్ళను కదపకూడదు. ఈ ఒక్క విద్యకే సంవత్సరాలు పడుతుంది. కొన్ని ఆటలలో ఒక బొత్తాము నొక్కి పట్టుకుంటే పాత్ర ఊపిరి బిగబట్టి తుపాకీ నిలకడగా నిలుస్తుంది! ఇంత తేలికగా మోక్షం దొరికితే షూటింగ్ శిక్షకులకు పని ఉండదు.

మందుల విషయంలో ఈ భేదం మరింత స్పష్టంగా కనబడుతుంది. గుండె వేగాన్ని, వణుకును తగ్గించే బీటా బ్లాకర్ మందులు షూటింగ్ క్రీడలో నిషిద్ధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పిస్తోలు పోటీలలో రెండు పతకాలు గెలిచిన ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు, ప్రొప్రానొలాల్ వాడినట్లు తేలడంతో ఆ రెండు పతకాలనూ కోల్పోయాడు. అదే వీడియో ఆటల పోటీలలో 2015లో ఈఎస్ఎల్ అనే నిర్వాహక సంస్థ మందుల పరీక్షలు మొదలుపెట్టినప్పుడు, అందుకు కారణమైనది మెదడును ఉత్తేజపరచే అడెరాల్ అనే మందు. ఒక క్రీడలో మోసగాడు శాంతిని కొనుక్కోజూస్తాడు, మరొక దానిలో చురుకును.

తుపాకీ వెనుదన్ను సంగతి కూడా ఇటువంటిదే. కౌంటర్ స్ట్రైక్ వంటి ఆటలలో వరుసగా కాల్చినప్పుడు తూటాలు ఒక నిర్ణీతమైన ఆకృతిలో పైకి, పక్కకు పోతాయి. ఆటగాళ్ళు ఆ ఆకృతిని బట్టీపట్టి మౌస్‌ను దానికి ఎదురుగా లాగుతారు. నిజమైన వెనుదన్నును భుజం, నడుము, కాళ్ళు భరించాలి. అది పట్టుకున్నవాడి నిలబడే తీరును బట్టి మారుతుంది.

ఎగిరే మట్టి బిళ్ళలను కాల్చే ట్రాప్, స్కీట్ పోటీలు ఆటలకు కొంత దగ్గరివని అనిపించవచ్చు. మట్టి బిళ్ళ అని పేరే గాని అది సున్నపురాయి పొడిని, తారు వంటి పదార్థాన్ని కలిపి చేసిన 11 సెం.మీ. పళ్ళెం. ఇక్కడ వేగం, చూపు, కదలిక అన్నీ కావాలి. అయితే తుపాకీ రవ్వలు అక్కడికి చేరడానికి కొంత సమయం పడుతుంది గనుక, స్కీట్‌లో అడ్డంగా పోయే బిళ్ళకు దాదాపు ఒక మీటరు ముందుగా కాల్చాలి. చాలా వీడియో ఆటలలో తూటా క్షణంలో చేరినట్లే లెక్కిస్తారు. కదిలే లక్ష్యం మీదనే గుర్తు పెట్టి కాల్చడానికి అలవాటుపడినవాడు బిళ్ళ వెనుక గాలిని కాలుస్తాడు. తూటా ప్రయాణ కాలాన్ని లెక్కలోకి తీసుకునే ఆటలు కూడా ఉన్నాయి. అటువంటివి ఆడినవారికి "ముందు కాల్చాలి" అన్న సూత్రమైనా తెలిసి ఉంటుంది. జడ్ ప్రయోగంలో పాఠం విన్న పిల్లలకు జరిగిన మేలు వంటిదే ఇది. ఎంత ముందు అన్నది మాత్రం మైదానంలోనే నేర్చుకోవాలి.

ప్రయోగాలు, వివాదాలు

ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించే పరిశోధన రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ గ్రీన్, డాఫ్నె బావెలియర్ 2003లో నేచర్ పత్రికలో ప్రచురించినది. యుద్ధపు ఆటలు ఆడే యువకులు తెర మీద చెల్లాచెదురుగా ఉన్న వస్తువులను ఏకకాలంలో గమనించడంలో, వెంటవెంటనే కనబడే వాటిని పట్టుకోవడంలో ఆడనివారికంటె మెరుగ్గా ఉన్నట్లు వారు కనుగొన్నారు. పుట్టుకతో చురుకైన చూపు ఉన్నవారే ఆ ఆటలకు మరుగుతారేమో అన్న సందేహం రావడం సహజం. అందుచేత ఆటలు అలవాటు లేనివారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టు చేత పది రోజులు రోజుకొక గంట మెడల్ ఆఫ్ ఆనర్ అనే తుపాకీ ఆటను, రెండవ జట్టు చేత టెట్రిస్‌ను ఆడించారు. తుపాకీ ఆట ఆడినవారే ఎక్కువగా మెరుగుపడ్డారు. 2009లో బావెలియర్ బృందమే ఇటువంటి ఆటల వలన లేత, ముదురు ఛాయల భేదాన్ని గుర్తించే శక్తి కూడా పెరిగినట్లు ప్రకటించింది.

ఈ ఫలితాలను అందరూ ఒప్పుకోలేదు. వాల్టర్ బూట్, డేనియల్ సైమన్స్ తదితరులు 2008లో చేసిన ప్రయోగంలో, తుపాకీ ఆటలో సుదీర్ఘమైన తర్ఫీదు ఇచ్చినా ఇటువంటి మెరుగుదల కనబడలేదు. 2011లో వారు మరొక ముఖ్యమైన అభ్యంతరం లేవదీశారు. మందుల పరీక్షలో రోగికి తాను తిన్నది మందో, పంచదార బిళ్ళో తెలియదు. ఆటల పరీక్షలో పాల్గొనేవాడికి తాను ఏ ఆట ఆడాడో తెలుసు, దాని వలన ఏమి మెరుగుపడాలో ఊహించుకోగలడు, ఆ ఊహే ఫలితాన్ని మార్చవచ్చు. 2018లో సైకలాజికల్ బులెటిన్ అనే ఒకే పత్రికలో రెండు సమగ్ర విశ్లేషణలు వచ్చాయి. బెడియూ, బావెలియర్ తదితరులు మెరుగుదల ఉన్నదని, సాలా, గోబె తదితరులు ఆటల తర్ఫీదు వలన సాధారణ మేధాశక్తి పెరగదని వ్రాశారు. మంచి పండితులే ఒకే రకమైన సాక్ష్యాన్ని చూచి వేరు వేరు తీర్పులు ఇచ్చారంటే, పత్రికలలో "వీడియో ఆటలతో మెదడుకు పదును" వంటి శీర్షికలు కనబడినప్పుడు పాఠకుడు కొంచెం ఆగి చదవడం మంచిది.

పైన చెప్పినవన్నీ చూపుకు సంబంధించినవి. తుపాకీ ఇచ్చి కాల్పించిన ప్రయోగం ఒకటి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నుండి 2012లో వెలువడి ప్రపంచమంతటా వార్త అయింది. విద్యార్థుల చేత 20 నిమిషాలు ఆట ఆడించి, తరువాత శిక్షణ పిస్తోలుతో సుమారు ఆరు మీటర్ల దూరంలోని మనిషి బొమ్మ మీద 16 సార్లు కాల్పించారు. మనుషులను కాల్చే ఆటను, అదీ పిస్తోలు ఆకారపు కంట్రోలరుతో ఆడినవారు బొమ్మ తలకు ఇతరులకంటె చాలా ఎక్కువసార్లు కొట్టారని ఆ వ్యాసం చెప్పింది. అయితే పాట్రిక్ మార్కీ, మాల్టె ఎల్సన్ అనే పరిశోధకులు దత్తాంశాలలో పొంతన లేనితనాన్ని గుర్తించారు. మూల లెక్కలు దొరకనందున 2017 జనవరిలో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది. అయినా నేటికీ ఆ ఫలితాన్ని రుజువైన సత్యంగా పేర్కొనే వ్యాసాలు కనబడుతూనే ఉంటాయి. ఒకసారి వెలువడిన వార్త వెనక్కు రావడం తూటా వెనక్కు రావడం వంటిదే.

వ్యాస రచయితలలో ఒకరైన బ్రాడ్ బుష్మన్ తరువాత కొత్తగా మనుషులను తీసుకొని మరల అటువంటి ప్రయోగం చేసి, తలకు కొడితే ఎక్కువ మార్కులు ఇచ్చే ఆట ఆడినవారు బొమ్మ తలకే గురిపెట్టే మొగ్గు చూపారని ప్రకటించాడు. దీనిని ఒప్పుకున్నా, ఇందులో తెలిసేది ఆటగాడు ఎక్కడ గురిపెడతాడు అన్న అలవాటు గూర్చి మాత్రమే. ఎక్కడ కొట్టాలన్న కోరిక, కోరిన చోట కొట్టగల నేర్పు రెండు వేరు వేరు విషయాలు. ఆరు మీటర్ల దూరంలో మనిషి తలకు కొట్టడానికీ, పది మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు చుక్కకు కొట్టడానికీ పోలిక లేదు.

ఇక సైన్యాల సంగతి. అమెరికా మెరైన్ దళం 1996లో డూమ్ 2 ఆటను మార్చి మెరైన్ డూమ్ అనే రూపాన్ని తయారుచేసుకొన్నది. దాని ఉద్దేశం గురి నేర్పడం కాదు, నలుగురు కలిసి కదలడం, క్షణాలలో నిర్ణయం తీసుకోవడం నేర్పడం. 2002 జూలై 4న అమెరికా సైన్యం విడుదల చేసిన అమెరికాస్ ఆర్మీ అనే ఆట యువకులను సైన్యంలోకి ఆకర్షించడానికి ఉద్దేశించినది. 2022లో దానిని నిలిపివేశారు. గురి నేర్పవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ సైన్యమే మౌస్‌ను నమ్ముకోలేదు. అసలు తుపాకీ బరువు, మీట గల సాధనాలకు లేసరును, గాలి ఒత్తిడితో వెనుదన్నును అమర్చిన సిమ్యులేటర్లు వాడుతుంది.

బదలాయింపు గట్టిగా జరిగిన చోట్లు

డేనియల్ గోఫర్ బృందం 1994లో ప్రచురించిన పరిశోధనలో, ఇజ్రాయెల్ వైమానిక దళపు శిక్షార్థులు స్పేస్ ఫోర్ట్రెస్ అనే సాదా కంప్యూటరు ఆటలో పది గంటల తర్ఫీదు పొంది, తరువాత నిజ విమానాలు నడపడంలో ఆడనివారికంటె మెరుగైన మార్కులు తెచ్చుకున్నారు. ఆ ఆట విమానంలా కనబడదు సరికదా, చిన్నపిల్లల గీతల బొమ్మలా ఉంటుంది. కాని ఒకేసారి నాలుగైదు పనుల మీద ధ్యాసను పంచడం అనే అంశం రెండింటికీ సమానం. పోలిక పైకి కనబడే బొమ్మలో కాక, లోపలి పనిలో ఉండాలన్న మాట.

శస్త్రచికిత్స క్రీడ కాదు గాని ఇక్కడ చెప్పుకోదగినది. జేమ్స్ రోసర్ తదితరులు 2007లో 33 మంది వైద్యులను పరిశీలించగా, గతంలో వారానికి మూడు గంటలకు పైగా వీడియో ఆటలు ఆడినవారు ల్యాపరోస్కోపీ అభ్యాసాలలో 37 శాతం తక్కువ తప్పులు చేసి, 27 శాతం వేగంగా పూర్తిచేశారు. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. చిన్న రంధ్రం గుండా చేసే ఈ చికిత్సలో వైద్యుడు కడుపును చూడడు, ఎదురుగా ఉన్న తెరను చూస్తూ చేతులు కదుపుతాడు. మన జానపదులు చెప్పుకునే మత్స్యయంత్రం కథలో అర్జునుడు నీటిలో నీడను చూస్తూ పైనున్న చేపను కొట్టినట్లు, కన్ను ఒక చోట, చేయి మరొక చోట పనిచేయాలి. వీడియో ఆట కోరేదీ అదే. అయితే ఇది పరిశీలన మాత్రమే. నేర్పరులైన చేతులు గలవారే ఆటలకు వెళ్ళి ఉండే అవకాశాన్ని ఇది తోసిపుచ్చదు.

కారు పందేలలో ఉదాహరణలు ప్రసిద్ధం. నిస్సాన్, సోనీ సంస్థలు 2008లో ప్రారంభించిన జీటీ అకాడమీ, గ్రాన్ టురిస్మో ఆటలో అత్యుత్తములను ఎంపిక చేసి నిజమైన పందెగాళ్ళుగా తీర్చిదిద్దింది. తొలి విజేత, స్పెయిన్ దేశీయుడు లూకాస్ ఒర్డోనెజ్ 2011లో లెమాన్ 24 గంటల పందెంలో తన విభాగంలో రెండవ స్థానం పొందిన జట్టులో సభ్యుడు. 2011 విజేత, బ్రిటన్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో 2013లో అదే పందెంలో తన విభాగంలో మూడవ స్థానం పొందిన జట్టులో ఉన్నాడు. అతని కథ 2023లో సినిమాగా వచ్చింది. ఇక్కడ ఆటలోని స్టీరింగు, పెడళ్ళు నిజ కారు వాటిని పోలి ఉంటాయి. పందెపు బాట మలుపులు నిజమైన వాటి నకళ్ళు. ఎక్కడ బ్రేకు వేయాలి, మలుపును ఏ గీత మీద తీసుకోవాలి అన్న జ్ఞానం యథాతథంగా వెంట వస్తుంది. అయినా విజేతలకు పందెపు లైసెన్సు రావడానికి నెలల తరబడి నిజ కార్లలో శిక్షణ ఇవ్వవలసి వచ్చింది. లెక్కలేనంత మంది పోటీదారులలో వడపోసి తీసిన ఒక్కరిని చూపి, ఆట వలననే ఇతడు ఇంతవాడయ్యాడని అనడం కూడా సరైన తర్కం కాదు. ఆటలో లేనిది, ప్రాణభయం. 2015లో న్యూర్‌బుర్గ్‌రింగ్ పందెంలో మార్డెన్‌బరో కారు గాలిలోకి లేచి కంచె దాటి పడగా ఒక ప్రేక్షకుడు మరణించాడు.

టేబుల్ టెన్నిస్‌లో కళ్ళకు తొడుగు పెట్టుకొని, చేత్తో బ్యాటు ఊపినట్లు ఊపే మిథ్యా వాస్తవిక ఆటను సాధన చేసినవారు నిజమైన బల్ల మీద కూడా మెరుగుపడినట్లు 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించారు. ఇక్కడ కూడా చేయి చేసే పని రెండింటిలోనూ ఒకటే.

గుండు లేని తుపాకీ

ఆధునిక పెంటాథ్లాన్ క్రీడ ఈ ప్రశ్నను విచిత్రమైన దారిలో తేల్చింది. అందులో ఇదివరకు గాలి పిస్తోలు వాడేవారు. 2012 లండన్ ఒలింపిక్స్ నాటికి దాని స్థానంలో లేసరు పిస్తోలు వచ్చింది. గుండు లేదు, వెనుదన్ను లేదు, దెబ్బ తగిలిందో లేదో యంత్రమే చెబుతుంది. ఇంచుమించు డక్ హంట్ తుపాకీయే! అయినా పరుగెత్తి వచ్చి రొప్పుతూ, చాచిన ఒంటి చేతితో పది మీటర్ల దూరంలోని గురిని కొట్టడం ఏమాత్రం సులువు కాలేదు. ఒలింపిక్ షూటర్లు కూడా తమ సాధనలో పెద్ద భాగం గుండు లేకుండానే, గోడ మీది చుక్కకు గురిపెట్టి మీట నొక్కుతూ గడుపుతారు. తుపాకీ గొట్టానికి చిన్న పరికరం తగిలించి, గురి ఎలా తిరుగాడిందో కంప్యూటరు తెర మీద గీతగా చూపే స్కాట్ వంటి సాధనాలు కూడా వాడుతారు. అంటే ఎలక్ట్రానిక్ తెర అనేది దోషం కాదు, గుండు లేకపోవడమూ లోపం కాదు. బరువైన ఆయుధాన్ని నిలబెట్టే శరీరం ఆటలో ఉన్నదా లేదా అన్నదే ముఖ్యం.

చూపు విషయంలోనూ ఇటువంటి విశేషం కలదు. కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ 1996లో బాస్కెట్‌బాల్ క్రీడాకారుల కంటి కదలికలను కొలిచి, బంతి విసరడానికి ముందు చూపును లక్ష్యం మీద ఎక్కువసేపు నిలిపినవారే ఎక్కువగా బుట్టలో వేస్తారని చూపింది. 2010లో ట్రాప్, స్కీట్ షూటర్ల మీద చేసిన పరిశోధనలోనూ ఉత్తమ శ్రేణివారి చూపు ఎక్కువసేపు నిలిచినట్లు తేలింది. తెర మీది యుద్ధంలో చూపు అలా నిలిపినవాడు మరొక మూల నుండి వచ్చిన తూటాకు బలి అవుతాడు. కనుక అక్కడ చూపు తెరంతా తిరగడానికే అలవాటు పడుతుంది.

ప్రతికూల బదలాయింపు

ఆటలో ఆటగాడి వేలు ఎప్పుడూ మీట మీదనే ఉంటుంది. తుపాకీ మొన తోటి ఆటగాడి వైపు తిరిగినా నష్టం లేదు. షూటింగ్ రేంజిలో మొదటి రోజు నేర్పే పాఠాలు దీనికి సరిగ్గా విరుద్ధమైనవి: ప్రతి తుపాకీలోనూ గుండు ఉన్నట్లే భావించాలి, మొనను ఎన్నడూ మనుషుల వైపు తిప్పరాదు, గురి కుదిరేదాకా వేలు మీటకు తగలరాదు. మన రాష్ట్రాలలో చాలామంది విద్యార్థులు నిజమైన తుపాకీని మొదటిసారి పట్టుకునేది ఎన్.సి.సి.లో, పాయింట్ 22 రైఫిలుతో. ఉపాధ్యాయుడిగా నేను గమనించినంతలో, ఫైరింగు రోజున ఆటలలో ఆరితేరిన కుర్రవాడు తక్కినవారికంటె ఉత్సాహంగా పడుకొని, తక్కినవారికంటె తొందరగా మీట లాగేవాడు. గురి కాగితం చూస్తే ఇద్దరికీ పెద్ద తేడా ఉండేది కాదు. తూటాలను ఆదా చేసుకొని, ఒక్కొక్క దెబ్బకు మధ్య ఊపిరి తీసుకొనేవారి కాగితం మీదనే రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉండేవి. వారిలో ఉండేలుతో పొలాల వెంట తిరిగిన పల్లెటూరి పిల్లలు కూడా ఉండేవారు. ఇది కొలత కాదు, జ్ఞాపకం మాత్రమే.

కంట్రోలరుతో, సెల్‌ఫోనుతో ఆడే ఆటలలో మరొక చిక్కు ఉన్నది. బొటనవేలితో గురి కుదరడం కష్టం గనుక, గుర్తు లక్ష్యానికి దగ్గరగా రాగానే ఆటే దానిని కొంచెం లాగి సరిచేస్తుంది. ఆటగాడు తన గురి అనుకునేదానిలో కొంత భాగం కార్యక్రమం వ్రాసినవారిది.

పోటీ క్రీడలలో

ఒలింపిక్ షూటింగ్ పోటీలలో తెర మీది ఆటలకు రూపంలో అన్నిటికంటె దగ్గరిది 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు. ఐదు గురులను వరుసగా 8, 6, 4 సెకనులలో కొట్టాలి. 2012 లండన్‌లో ఇందులో విజయ్ కుమార్ రజతం గెలిచాడు. భారతదేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణాన్ని 2008లో అభినవ్ బింద్రా తెచ్చినది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012లో అదే పోటీలో కాంస్యం గెలిచాడు. హైదరాబాదుకే చెందిన ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో పిస్తోలు విభాగాలలో ఒక స్వర్ణం, మూడు రజతాలు సాధించి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నది. ఈ పోటీలన్నిటికీ దారి రేంజిలోని సాధన గుండానే పోతుంది.

2023 జూన్‌లో సింగపూరులో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం నిర్వహించిన ఈ-క్రీడల వారోత్సవంలో షూటింగ్ విభాగానికి ఫోర్ట్‌నైట్ ఆటను ఎంచుకున్నారు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఆధ్వర్యంలో జరిగిన ఈ పోటీ కోసం మనుషులను కాక గురి బోర్డులను కాల్చే ప్రత్యేక ద్వీపాన్ని ఆటలో నిర్మించారు. అందులో పాల్గొన్నవారు షూటింగ్ రేంజిల నుండి కాక, ఫోర్ట్‌నైట్ పోటీల నుండి వచ్చినవారు.